పద్యమన్న చెవి కోసికొనువారు

సంగీతమన్న చెవి కోసికొనువారని మన పెద్దలు ఎవరిని చెప్పుకొనెడివారో, అట్టివారిలో యంత్రముల మర్మము గూడ నేర్చినవారిని లోకమిప్పుడు ఆడియోఫైల్ అనుచున్నది. గాయకుని కంఠము యంత్రమున జొచ్చి వెలువడునప్పుడు ఏ గమకము నలిగినది, ఏ ఊపిరి జారిపోయినది అని వెదకు ఈ వర్గమున నేనును ఒకడనని చెప్పుకొనుట నాకు సంతోషము.

1953 వరకు బళ్ళారి జిల్లాలో నుండిన ఆదోని వాడనగుటచే, నా పెట్టెలో తెలుగు నాటకపద్యముల సరసనే కన్నడ రంగగీతములును గలవు. అన్నియు నిమిషమునకు 78 చుట్లు తిరుగు లక్క రికార్డులే. వన్స్‌మోర్ అని సభ కేకవేసినకొలది రాగము పెంచుటకు అలవాటుపడిన నటుడు, వైపునకు సుమారు 3 నిమిషములే పట్టు ఆ పళ్ళెములో తన విద్యనంతయు ఎట్లు ఇమిడ్చెనో వినవలెనన్న, గాడి శుభ్రముగ నుండవలెను. మా ఊరిలో కష్టమంతయు అక్కడనే. పత్తి వచ్చు కాలమున జిన్నింగు మిల్లులనుండి లేచు నూగు నల్లరేగడి దుమ్ముతో గూడి గాడిలో చేరగా, ముల్లు దానిని గాడిగోడలకు వేసి రుద్దును. ఎల్పీ గాడికై చేసిన సన్నని ముల్లు అంతకు సుమారు మూడింతలు వెడల్పైన 78 గాడిలో అడుగంట జారి, పద్యమును విడిచి మురికినే వినిపించును. ముల్లు మార్చిన గాని ఎంతటి ఆంప్లిఫయరును అక్కరకు రాదు.

మాచాని సోమప్పగారు 1938లో నెలకొల్పిన చేనేత సహకార సంఘముచే పేరొందిన ఎమ్మిగనూరులో నా మిత్రుడొకడు, మగ్గములు నిలిచిన రాత్రివేళ తప్ప రికార్డు వేయడు. మంద్రస్థాయిలో కంఠము సన్నగిల్లు చోటు పగటి సద్దులో వినబడదు. ధ్వని పెంచినచో రికార్డు గరగరయు దానితోపాటే పెరుగును. తీగలకును పెట్టెలకును వేలు వెచ్చించువారికంటె ఆ నిశ్శబ్దమునకై కాచుకొనువాడే గొప్ప శ్రోతయని నా నిశ్చితాభిప్రాయము.

కావున, తాతలనాటి పద్యరికార్డులు అటకపై గల ఆదోని, ఎమ్మిగనూరు సోదరులారా, వానిని పాతసామానులవానికి వేయకుడు. స్పిరిట్‌తో తుడువకుడు, వడ్రంగి పాలిష్‌కై లక్కను కరిగించునది స్పిరిట్‌లోనే గదా! డిస్టిల్డ్ వాటర్‌తో తడిపిన మెత్తని గుడ్డతో, నడిమి కాగితము తడియకుండ, గాడి వెంబడి తుడిచి, ఎండ సోకని చోట నిలువుగా పేర్చుడు.