అనుకరణ, ప్రతిఘటనలకు ఆవల: కరీబియన్ వలసపాలిత సమాజంలో యూరోపియన్ నృత్యాల రూపాంతరం

1. ప్రవేశిక

యూరోపియన్ నృత్యశాలల నృత్యాలు కరీబియన్ దీవులలో పొందిన మార్పును విమర్శకులు సాధారణంగా రెండు విధాలుగా వివరిస్తారు. పాలితులు పాలకులను అనుకరించారన్నది ఒకటి. అనుకరణ ముసుగులో ప్రతిఘటించారన్నది మరొకటి. రెండు వివరణలూ నర్తకుల ఉద్దేశం చుట్టూనే తిరుగుతాయి. ఆ నృత్యాలకు సంగీతం సమకూర్చిన వాద్యకారుల శ్రమ వీటిలో కనుమరుగవుతుంది. క్యూబాలోని కోంత్రదాన్సా పరిణామం ప్రధాన ఆధారంగా ఈ లోపాన్ని పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

2. మార్గచరిత్ర - పరిమితి

ఇంగ్లండులోని కంట్రీ డాన్స్ ఫ్రాన్సులో కోంత్రదాన్స్‌గా, స్పెయిన్‌లో కోంత్రదాన్సాగా మారింది. స్త్రీపురుషులు రెండు వరుసలలో ఎదురెదురుగా నిలిచి, ముందే నిర్ణయించిన విన్యాసాలను కలిసి చేయడం దీని ప్రధాన లక్షణం. 1791లో సాన్ దొమింగ్, అంటే నేటి హైతీలో, బానిసల తిరుగుబాటు మొదలయ్యాక తోటల యజమానులు, వారి బానిసలు, స్వేచ్ఛ పొందిన నల్లజాతివారు అనేకులు తూర్పు క్యూబాకు తరలివచ్చారు. సింకీయో లయ వీరితోనే వచ్చిందని అలేహో కార్పెంతియేర్ 1946 నాటి క్యూబా సంగీతచరిత్రలో ప్రతిపాదించాడు. తెలుగు ఛందఃపరిభాషలో చెప్పాలంటే గురు-లఘు-గురు-లఘు-గురు క్రమంలో ఎనిమిది మాత్రల వ్యవధిలో అయిదు దెబ్బలు పడే లయ ఇది.

ఈ ప్రతిపాదన ఆకర్షణీయమైనదే. కానీ హవానాకు స్పెయిన్‌తో నేరుగా సంబంధం ఉంది. 1762-63లో ఆ నగరం బ్రిటిష్ ఆక్రమణలోనూ ఉంది. కనుక నృత్యం ఒకే దారిన వచ్చిందనడం కష్టం. పీటర్ మాన్యుయెల్ సంపాదకత్వంలో 2009లో వెలువడిన సంపుటి దీనిని కరీబియన్ ప్రాంతమంతటికీ ఉమ్మడి పరిణామంగా చూడటం ఈ దృష్ట్యా ముఖ్యం. అయినా ఎక్కడి నుంచి వచ్చిందన్న ప్రశ్నకు జవాబు దొరికినంత మాత్రాన ఎవరు మార్చారన్న ప్రశ్న తీరదు.

3. వాద్యకారుల పాత్ర

19వ శతాబ్ది తొలి అర్ధభాగంలో క్యూబా నృత్యశాలల వాద్యబృందాలలో నల్లజాతి, మిశ్రజాతి సంగీతకారులదే ప్రాబల్యం. సంగీతంతో సహా వృత్తికళలు వారి చేతుల్లోకి పోయాయని హోసే ఆంతోనియో సాకో 1830లలోనే ఆక్షేపించాడు. ఆ ఆక్షేపణే నేడు వారి పాత్రకు సాక్ష్యం. 1844లో ఎస్కలేరా కుట్ర పేరిట సాగిన అణచివేతలో ప్రసిద్ధ వాద్యబృంద నాయకుడు క్లాదియో బ్రిందిస్ దె సాలాస్ కారాగారం పాలయ్యాడు.

అయితే సంగీతచరిత్ర ఎక్కువగా లిఖిత స్వరపత్రాలపై ఆధారపడుతుంది. అందువల్ల పియానో కోంత్రదాన్సాలు రచించిన మాన్యుయెల్ సౌమెల్ వంటివారికి కర్తృత్వం దక్కింది. రాత్రంతా వాయిస్తూ లయను మలచినవారు పేరు లేకుండా మిగిలారు. 1879 జనవరి 1న మతాన్సాస్‌లో మిశ్రజాతి సంగీతకారుడు మిగెల్ ఫయిల్దే దాన్సోన్‌ను ప్రదర్శించేనాటికి వరుసల నృత్యం జంటల నృత్యంగా మారిపోయింది. బానిసత్వం రద్దు కావడానికి అప్పటికి ఇంకా ఏడేళ్లుంది. నీతిబాహ్యమని, ఆఫ్రికన్ అని నిందలు మోసిన దాన్సోన్ తరువాత జాతీయ నృత్యమైంది. నింద పడినప్పుడు నల్లజాతిదైన నృత్యం, గౌరవం దక్కాక జాతి మొత్తానిదైంది.

4. ద్వంద్వానికి లొంగని రూపాలు

తూర్పు క్యూబాలోని తుంబా ఫ్రాన్సెసా సంప్రదాయం సాన్ దొమింగ్ నుంచి వచ్చిన బానిసల వారసులది. ఇందులో మాసోన్ అనే నృత్యం ఫ్రెంచి నృత్యశాల విన్యాసాలను పాటలు, ఢక్కాల తోడుతో అనుసరిస్తుంది. యుబాలో నర్తకుడు ఢక్కావాద్యంతో పోటీపడి ఆశువుగా ఆడతాడు. ఒకే సమాజం రెండింటినీ ఆడింది. మొదటిదాన్ని అనుకరణగా, రెండోదాన్ని ప్రతిఘటనగా విడదీస్తే ఆ సమగ్రత చెదురుతుంది. గ్వాదెలూప్ క్వాడ్రిల్‌లో విన్యాసాలను లయబద్ధంగా ప్రకటించేవాడిని కొమాందర్ అంటారు. తోటల్లో బానిసల చేత పని చేయించిన మేస్త్రీకీ అదే పేరు. ఆ పదంలో పరిహాసం ఉందో, అలవాటు ఉందో నృత్యరూపం ఒక్కటే తేల్చలేదు.

5. ముగింపు

కరీబియన్ నృత్యాల రూపాంతరం నర్తకుల మనోభావాల చరిత్ర మాత్రమే కాదు, శ్రమచరిత్ర కూడా. యజమానుల వినోదానికి వాయించినవారే ఆ వినోదపు నడకను మార్చారు. కర్తృత్వాన్ని స్వరపత్రానికి పరిమితం చేసినంతకాలం వారి స్థానం ఖాళీగానే ఉంటుంది. అనుకరణా, ప్రతిఘటనా అని అడిగే ముందు వాయించినదెవరని అడగడం విమర్శకుని తొలి బాధ్యత.