బొబ్బిలి వాఙ్మయంలో బుస్సీ: దోషవిభజన తీరు

బొబ్బిలి యుద్ధాన్ని వర్ణించిన తెలుగు రచనలలో ఫ్రెంచి సేనాని బుస్సీ స్థానం విచిత్రమైనది. కోటను బద్దలుకొట్టిన ఫిరంగులు అతనివి, ముట్టడికి ఆజ్ఞ అతనిది. అయినా పాఠకుని ఆగ్రహం అతనిపై నిలవదు. విజయనగరాధీశుడు విజయరామరాజు మీదికీ, దుబాసీ హైదర్‌జంగు మీదికీ మళ్ళుతుంది. ఈ మళ్ళింపు ఎలా జరిగింది, దానివల్ల ఏది మరుగునపడింది అన్నవి పరిశీలించదగిన అంశాలు.

షార్ల్ జోసెఫ్ పాతిసియె ద బుస్సీ కులీన వంశీయుడే కాని సంపన్నుడు కాడు. అతని భాగ్యోదయం భారతదేశంలోనే జరిగింది. 1750లో చెంజి కోటను పట్టుకోవడంలో పేరు తెచ్చుకున్నాడు. 1751లో ముజఫర్‌జంగు వెంట దక్కనుకు బయలుదేరాడు. కడప సీమలో అతడు హతుడు కాగానే సలాబత్‌జంగును గద్దెనెక్కించాడు. 1753లో ఫ్రెంచి సైన్యపు పోషణ కోసం ఉత్తర సర్కారులను పొందాడు. 1756లో నిజాం కొలువు అతన్ని తొలగించగా హైదరాబాదులోని చార్‌మహల్‌లో ముట్టడిని ఎదుర్కొని నిలిచాడు. ఆ గండం గడిచాక అతడు సర్కారులకు వచ్చింది శిస్తుల వ్యవహారం చక్కబెట్టుకోవడానికి. జీతం అందని సైన్యం నిలవదు, సైన్యం లేని బుస్సీకి దక్కనులో విలువ లేదు. 1757 జనవరి 24నాటి బొబ్బిలి ముట్టడికి ఈ ఆర్థికావసరమే పునాది.

ఆంగ్ల చరిత్రకారుడు ఓర్మ్ కథనంలో బుస్సీ ఉదారుడు. బొబ్బిలికి బదులుగా అంతకన్న విలువైన భూములిస్తానని రంగారావుకు కబురుచేస్తాడు. యుద్ధానంతరం ప్రాణాలతో మిగిలిన రాకుమారునికి ఆ భూములనే కేటాయిస్తాడు. దోషమంతా విజయరామరాజు ప్రేరేపణదే. తెలుగు సంప్రదాయం వేరొక దారిలో ఇదే తీర్పుకు చేరుతుంది. దిట్టకవి నారాయణకవి ‘రంగరాయచరిత్రము’లోనూ, పెద్దాడ మల్లేశం పేర ప్రసిద్ధమైన యుద్ధకథలోనూ నైతిక సంఘర్షణ రెండు సంస్థానాల మధ్యది. ఆ వైరంలో పరాయి సేనాని కేవలం ఆయుధం. అతనికి మన భాష రాదు కనుక, వంచనకు చోటు అతని మనసులో కాక దుబాసీ నోటిలో ఏర్పడుతుంది. ఓర్మ్ క్షమకు మూలం యూరోపియన్ సేనానుల మధ్య గల వృత్తిగౌరవం కావచ్చు. తెలుగు కథకుని ఉపేక్షకు మూలం తనవారి ద్రోహమే పెద్ద ద్రోహమన్న ధర్మదృష్టి.

ఈ రెండు కథనాలూ దాటవేసిన ప్రశ్న భూమార్పిడి ప్రతిపాదనలోనే ఉంది. వంశానికి నెలవైన కోట అంటే ఏమిటో కులీనుడైన బుస్సీకి ఎవరూ వివరించనక్కరలేదు. దాన్ని వదలమనడం రంగారావుకు మరణతుల్యమని గ్రహించడం అతనికి అసాధ్యమూ కాదు. అయితే సర్కారుల అధికారిగా అతనికి బొబ్బిలి శిస్తు లెక్కలో ఒక పద్దు. దాన్ని మరొక పద్దుతో మార్చవచ్చు. వంశం నేర్పిన విలువ, పదవి నేర్పిన లెక్క ఒకే మనిషిలో ఎదురుపడినప్పుడు గెలిచింది లెక్క. ఇది దుబాసీ అనువాదంలో పుట్టిన పొరపాటు కాదు.

తెలుగు కవులు చరిత్రకారుల పని చేయలేదని తప్పుపట్టడం ఇక్కడ ఉద్దేశం కాదు. స్వజనుల బాధ్యతను విదేశీయునిపైకి నెట్టకపోవడం ఆ సంప్రదాయపు బలం. కాని ఆ బలమే ఒక పరిమితి కూడా. వైరం కథకు కావలసిన కారణాన్ని సంపూర్ణంగా ఇచ్చినందువల్ల, ఆ వైరాన్ని వాడుకున్న శిస్తు పాలనను ప్రశ్నించవలసిన అవసరం కథకు కలగలేదు.

ముగింపులో ఇది మరింత స్పష్టమవుతుంది. తాండ్ర పాపారాయుని పగ విజయరామరాజు గుడారంలో తీరుతుంది. అదే దండులో ఉన్న బుస్సీ జోలికి పోదు. శ్రోతకు న్యాయం జరిగిన తృప్తి కలుగుతుంది, కథ ముగుస్తుంది. కథ ముగిసిన చోట బుస్సీ దండయాత్ర మాత్రం ఆగలేదు. అదే ఏడాది జూన్‌లో అతడు ఆంగ్లేయుల నుంచి విశాఖపట్నం పట్టుకున్నాడు. 1760లో వందవాసి వద్ద బందీ అయి, స్వదేశం చేరి, 1783లో మళ్ళీ సేనానిగా వచ్చి, 1785లో పుదుచ్చేరిలో కన్నుమూశాడు. బొబ్బిలి వాఙ్మయాన్ని ఇకపై చదివేటప్పుడు పాపారాయుని కత్తి ఎవరిని చేరిందన్నదానితోపాటు, ఎవరిని చేరలేదన్నది కూడా విమర్శకు విషయం కావాలి.