సానెట్‌లో మలుపు: షెల్లీ, మెకే

కవితను వస్తువు, రూపం అని రెండు ముక్కలు చేసి, మొదటిదానికి మార్కులు వేసి రెండోదాన్ని అలంకారశాస్త్ర పండితులకు వదిలివేయడం మన అభ్యుదయ విమర్శలో చాలాకాలంగా పాతుకుపోయిన అలవాటు. అందుకు కారణం లేకపోలేదు. రూపం పేరు చెప్పి వస్తువును మరుగుపరచిన పండితులతో తలపడవలసి వచ్చినప్పుడు ఆ పద్ధతి పనికివచ్చింది. అయితే అన్ని చోట్లా దాన్నే పట్టుకు వేళ్ళాడితే, కవి రాజకీయంగా ఏమంటున్నాడన్నది కూడా మనకు సరిగా అందకుండా పోతుంది. ఈ మాటను సానెట్‌ను తీసుకొనే పరీక్షించడం మంచిది. ఎందుకంటే 'కళ కళకోసమే' అనేవారు తమ సొంత ఆస్తిగా చెప్పుకొనే రూపాల్లో అదొకటి.

సానెట్ 13వ శతాబ్దంలో సిసిలీ రాజాస్థానంలో పుట్టింది. పెట్రార్క్ చేతిలో ప్రణయ కవితగా స్థిరపడి, 16వ శతాబ్దంలో ఇంగ్లండు చేరింది. 1609లో అచ్చయిన షేక్‌స్పియర్ సానెట్లు నూటయాభైనాలుగు. పద్నాలుగు పాదాలు, నియతమైన అంత్యప్రాసలు దాని శరీరం. ఇటాలియన్ పద్ధతిలో ఎనిమిది, ఆరుగానూ, ఇంగ్లీషు పద్ధతిలో మూడు నాలుగులు, ఒక ద్విపాదంగానూ పాదాలు విభజింపబడతాయి. కాని పాదాల లెక్క, ప్రాసల వరుస తెలిసినంత మాత్రాన సానెట్ తెలిసినట్లు కాదు. దాని ప్రాణమంతా మలుపులో ఉంది. ఒక దారిన పోతున్న భావం ఒకచోట ఆగి, ఎదురుతిరిగి, మరో దారి పడుతుంది. సీసపద్యం చదివిన మనకిది కొత్తకాదు. నాలుగు దీర్ఘపాదాలు నడిచాక ఎత్తుగీతి రాగానే ఊపిరి మారుతుంది. అంతదాకా వర్ణించినదంతా అక్కడికి వచ్చి తేలుతుంది. ఆ మలుపు ఎక్కడ పడింది, దేనివల్ల పడింది అన్నదే సానెట్ చదివేవాడు వేసుకోవలసిన మొదటి ప్రశ్న.

ఈ రూపాన్ని అంతఃపురంనుంచి వీధిలోకి తెచ్చినవారిలో మిల్టన్ ముఖ్యుడు. 1655లో పీడ్‌మాంట్‌లో జరిగిన ఊచకోతపై అతడు రాసిన సానెట్ ప్రసిద్ధమే. దాన్ని ఇక్కడ వదిలి షెల్లీ దగ్గరకు వస్తాను.

1819 ఆగస్టు 16న మాంచెస్టరులోని సెయింట్ పీటర్స్ మైదానంలో, పార్లమెంటు సంస్కరణ కోరుతూ సమావేశమైన వేలాది శ్రామిక ప్రజలమీదికి ఆశ్వికదళం కత్తులు దూసి దూకింది. పలువురు మరణించారు, వందలమంది గాయపడ్డారు. వాటర్లూ యుద్ధాన్ని వెక్కిరిస్తూ దానికి పీటర్లూ అన్న పేరు పడింది. అప్పుడు ఇటలీలో ఉన్న షెల్లీ ఆ డిసెంబరులో 'ఇంగ్లండ్ ఇన్ 1819' అన్న సానెట్‌ను మిత్రుడు లీ హంట్‌కు పంపాడు. అది 1839లో, కవి చనిపోయిన పదిహేడేళ్ళకు గాని, మేరీ షెల్లీ సంపాదకత్వాన అచ్చు కాలేదు.

దీని సారాంశం చెప్పమంటే ఏ విద్యార్థి అయినా రెండు వాక్యాల్లో చెప్పేస్తాడు: పాలకవర్గం కుళ్ళిపోయింది, విప్లవం రాబోతోంది. పరీక్షకిది చాలు. కవితకు చాలదు. పైగా రెండో వాక్యం తప్పు కూడాను.

వ్యాకరణరీత్యా ఈ సానెట్ మొత్తం ఒకే వాక్యం. అందులో పన్నెండు పాదాల నిండా ఉన్నవి కర్తలే. రాజు, రాజకుమారులు, పాలకులు, ప్రజలు, సైన్యం, చట్టాలు, మతం, చట్టసభ ఒక్కొక్కటిగా తమ విశేషణాల బరువుతో వచ్చి నిలబడతాయి. ప్రధానక్రియ మాత్రం రాదు. తెలుగులో క్రియ వాక్యం చివర రావడం సహజం గనుక మనకిది వింతగా తోచకపోవచ్చు. ఇంగ్లీషు చెవి కర్త వెంటనే క్రియను కోరుతుంది. పన్నెండు పాదాలదాకా దాన్ని ఆపి ఉంచడమంటే చదివేవాణ్ణి ఊపిరి బిగబట్టించడమే. పదమూడో పాదం మొదట క్రియ వస్తుంది. వచ్చి, ఇవన్నీ సమాధులని తేల్చివేస్తుంది. అదీ మలుపు. ఎనిమిదో పాదం దగ్గర పడవలసినదాన్ని షెల్లీ పన్నెండో పాదం దాటేదాకా పడనివ్వలేదు. దుస్థితి ఎంత పొడుగో, దానినుంచి బయటపడడానికి మిగిలిన చోటు ఎంత ఇరుకో, పాదాల లెక్కే చెబుతుంది.

ప్రాసల అమరికలో కూడా ఇటాలియన్ క్రమం తలకిందులైంది. ఆరు ముందు, ఎనిమిది తర్వాత. తలకిందులైన దేశానికి తలకిందులైన సానెట్ అని కొందరు మురిసిపోవచ్చు. నేను అంతదూరం పోను. కాని మొదటి ఆరు పాదాల్లోని భావచిత్రాలను మాత్రం జాగ్రత్తగా చూడాలి. మడ్డి, బురద ఊట, జలగ, నెత్తురు – అన్నీ పారేవి, పీల్చేవి. జలగను ఎవరూ కొట్టరు. తాగి తాగి, కన్ను కానక తానే రాలిపోతుంది. పాలకవర్గ పతనాన్ని కవి ఊహించిన తీరు ఇది. ఇందులో రాలగొట్టే చెయ్యి లేదు.

ఇక ఆశ సంగతి. సమాధులనుంచి వెలువడే తేజోమూర్తి వచ్చి తీరుతుందని షెల్లీ అనలేదు, రావచ్చునన్నాడు. 'మే' అనే ఆ సహాయక్రియను పదమూడో పాదం చివర ఒంటరిగా నిలబెట్టి, బద్దలై వెలువడడాన్ని చెప్పే క్రియను పద్నాలుగో పాదం మొదట పెట్టాడు. పాదం విరిగిన ఆ చోట ఒక్క క్షణం ఏమీ తేలదు. సారాంశం రాసేవాడు పోగొట్టుకొనేది సరిగ్గా ఈ క్షణాన్నే. మన అభ్యుదయ గేయాల్లో ఎన్నింటిలో చివరి రెండు చరణాల్లో ఎర్రటి సూర్యుడు గడియారం చూసుకొని ఉదయించడంలేదు! ముందు పాదాలు ఆ సూర్యుణ్ణి సంపాదించుకొన్నాయా లేదా అని అడిగే విమర్శకుడు అరుదు. పన్నెండు పాదాల చీకటిని భరించిన తర్వాత కూడా షెల్లీ 'రావచ్చు' దగ్గర ఆగడం నిరాశ కాదు. తన కాలపు బలాబలాలను చూసి చెప్పిన మాట.

మరొక చిన్న విషయం. అయిదో పాదంలో జలగలు పట్టుకొన్న దేశం 'వాళ్ళ' దేశం. 'మన' అన్న మాట చివరి పాదంలో గాని రాదు. సానెట్ అంతా ఈ సర్వనామాల నడుమ ప్రయాణమే.

అయితే ఇక్కడే నాకొక అభ్యంతరం ఉంది. సమాధుల జాబితాలో రాజుతోపాటు ప్రజలు కూడా ఉన్నారు. ఆకలికి మాడి, కత్తిపోట్లు తిని బీడుపొలంలో పడిన ప్రజలు వ్యాకరణంలో రాజుకు సహపంక్తులైపోయారు. తేజోమూర్తి సమాధులనుంచి వస్తుంది. ప్రజల చేతులనుంచి కాదు. ఇది షెల్లీ రాజకీయాలకు పరిమితి అనడం తొందరపాటు. అదే ఏడాది అదే సంఘటనపై రాసిన 'ది మాస్క్ ఆఫ్ అనార్కీ'లో అతడు ప్రజలను నేరుగా సంబోధించాడు. అక్కడ ఎన్నుకొన్నది వీధిపాటలకు దగ్గరైన పొట్టి చరణాలను. సానెట్‌లో జాబితా, అక్కడ సంబోధన. రూపం మారగానే ప్రజల స్థానం మారింది. వస్తువొక్కటే చూసేవాడికి ఈ రెండూ పీటర్లూ కవితలే.

సానెట్‌లోనే సంబోధన సాధ్యం కాదా? సరిగ్గా నూరేళ్ళకు అది జరిగింది. 1919 వేసవిలో అమెరికా నగరాల్లో నల్లజాతి ప్రజలపై తెల్ల మూకలు దాడులు చేశాయి. పారిన నెత్తురును బట్టి దానికి ఎర్రవేసవి అన్న పేరు మిగిలింది. జమైకాలో పుట్టి, రైలు భోజనశాలలో వెయిటరుగా పనిచేస్తున్న క్లాడ్ మెకే ఆ జూలైలో 'లిబరేటర్' పత్రికలో 'ఇఫ్ వుయ్ మస్ట్ డై' ప్రకటించాడు. రైలులో తనతో పనిచేసేవారికి ముందుగా చదివి వినిపించిన సానెట్ అది. రూపం శుద్ధ షేక్‌స్పియర్ పద్ధతి. ఒక్క ప్రాస తప్పలేదు.

ఇక్కడ 'మనం' మొదటి పాదంలోనే ఉంది. మొదటి ఎనిమిది పాదాల్లో చావు ఒక షరతు. రెండు నాలుగులూ అదే షరతుతో మొదలవుతాయి. తొమ్మిదో పాదంలో కవి తనవాళ్ళను బంధువులారా అని పిలుస్తాడు. అదే మలుపు. అక్కడ 'మస్ట్' అన్న క్రియకు అర్థం మారిపోతుంది. అంతవరకు అది చావక తప్పని నిర్బంధం. ఇక్కడ శత్రువును ఎదుర్కోక తప్పని కర్తవ్యం. మాట మారలేదు, మనిషి మారాడు. భావచిత్రాలు కూడా దీనితోపాటే నడుస్తాయి. మొదట్లో దొడ్డిలో చిక్కిన పందుల్లా చావరాదన్న భయం, చుట్టూ మొరిగే కుక్కలు. చివర ఎదిరించేవారు మనుషులు. జంతువుల గుంపుగా మిగిలింది శత్రువు ఒక్కడే. షెల్లీలాగా ఇక్కడా సమాధి ఉంది, కాని తెరుచుకొని ఎదురుగా ఉంది. దానినుంచి ఏ తేజోమూర్తీ రాదు. ఉషోదయం లేకుండానే ధైర్యం నిలబడింది.

పాలకుల భాషలో, పాలకుల ఛందస్సులో ఎందుకు రాయాలని మెకేను అడిగేవారుంటారు. జాషువాను కూడా ఈ ప్రశ్న అడగవచ్చు. 1941లో వెలువడిన 'గబ్బిలం'లో ఆయన కాళిదాసు మేఘసందేశపు మార్గాన్నే పట్టాడు. యక్షుడి స్థానంలో అస్పృశ్యుణ్ణి, మేఘం స్థానంలో అపశకునమని లోకం తోలివేసే గబ్బిలాన్ని నిలిపాడు. సందేశం ప్రేయసికి కాదు, కాశీలోని శివుడికి. ఏ పద్యం తమ ఆస్తి అని అగ్రవర్ణ పండితులు అనుకొన్నారో ఆ పద్యంలోనే వారిమీద అభియోగం నడిచింది. అదే మాటను వచనంలో చెప్పి ఉంటే ఆ అభియోగానికి ఒక సాక్షి తగ్గేవాడు.

మెకే ద్విపాదంలోని 'మనుషులు' అన్న పదం ఇంగ్లీషులో మగవారినే చెబుతుంది. ఆ వేసవిలో చచ్చినవారు, ఎదిరించినవారు మగవారొక్కరే కారు. జంతువుకు ప్రతిగా మనిషిని నిలపడానికి కవి చేతికందిన మాట అది. ఆ మాట తలుపు మూసింది ఎవరి మీదన్నది కూడా తరగతిలో చర్చించవలసినదే.