కలిపి కట్టాలా, విడిగా ఉంచాలా

వెబ్ సర్వర్‌ను కంపైల్ చేసేటప్పుడే దాని బైనరీలో కలిసిపోయే భాగం స్టాటిక్ మాడ్యూల్. డైనమిక్ మాడ్యూల్ డిస్క్ మీద విడి ఫైలుగా ఉంటుంది. సర్వర్ మొదలయ్యేటప్పుడు కాన్ఫిగరేషన్‌లో దాని పేరు కనిపిస్తేనే మెమరీలోకి వస్తుంది. మొదటిది గోడలో కట్టిన గూడు, రెండోది గదిలో పెట్టిన బీరువా. గూడు వద్దనుకుంటే గోడ పగలగొట్టాల్సిందే.

అపాచీ వెబ్ సర్వర్‌లో ఈ రెండో పద్ధతి 1998లో వచ్చిన 1.3 వెర్షన్‌తో స్థిరపడింది. మాడ్-సో అనే చిన్న మాడ్యూల్ మిగతావాటిని లోపలికి తెస్తుంది. అందరినీ పిలిచేది అదే కాబట్టి అది మాత్రం స్టాటిక్‌గానే ఉండాలి. 2012 నాటి 2.4 వచ్చేసరికి ఎక్కువ మాడ్యూళ్లను విడిగా కట్టడమే అలవాటైంది. రిక్వెస్టులను ప్రాసెస్‌లకు, థ్రెడ్లకు పంచే ఎంపీఎం కూడా లోడ్ చేసుకునే భాగమైంది. ఒక మెషీన్‌లో ఏది ఎలా ఉందో తెలుసుకోవడం తేలిక: హెచ్‌టీటీపీడీ ఆదేశానికి చిన్న ‘ఎల్’ జోడిస్తే లోపల కలిసిపోయినవి, పెద్ద ‘ఎం’ జోడిస్తే మొత్తం జాబితా కనిపిస్తాయి. కొత్తగా ఉద్యోగంలో చేరినవారు కాన్ఫిగరేషన్ ఫైలు తెరవకముందే ఈ రెండూ చూసుకోవడం మంచిది.

విడిగా ఉంచితే వేగం తగ్గుతుందన్న భయం పాతది. అపాచీ డాక్యుమెంటేషనే లెక్క చెబుతుంది: మొదలయ్యేటప్పుడు సుమారు 20 శాతం, కొన్ని ప్లాట్‌ఫాంల మీద నడిచేటప్పుడు సుమారు 5 శాతం ఆలస్యం. మొదటి నష్టం సర్వర్ లేచేటప్పుడు మాత్రమే. రెండోది డేటాబేస్ జవాబు కోసం ఎదురుచూసే సమయం ముందు లెక్కలోకి రాదు. ఇంటర్ ఫలితాల రోజున సైటు కుంగిపోతే తప్పు మాడ్యూళ్లది కాదు, క్యాషింగ్ చేయకపోవడానిది.

మరో వెబ్ సర్వర్ ఎన్‌జినెక్స్ కథ వేరు. 2016 ఫిబ్రవరిలో 1.9.11 వచ్చేదాకా అందులో ఏ చిన్న మాడ్యూల్ చేర్చాలన్నా మొత్తం మళ్లీ కంపైల్ చేయాల్సిందే. ఇప్పటికీ అన్ని మాడ్యూళ్లూ విడిగా రావు. వచ్చేవాటికీ ఒక షరతు ఉంది: మాడ్యూల్‌ను ఏ వెర్షన్ కోసం కట్టారో సర్వర్ కూడా అదే వెర్షన్ కావాలి. రాత్రి ఆటోమేటిక్ అప్‌డేట్‌లో సర్వర్ ఒక్కటే మారి, సొంతంగా కట్టుకున్న మాడ్యూల్ పాతదే మిగిలిందనుకుందాం. తెల్లారి లాగ్‌లో మాడ్యూల్ వెర్షన్ సరిపోలేదన్న ఒక్క ముక్క తప్ప ఇంకేమీ ఉండదు, సర్వర్ లేవదు. బీరువా బాగానే ఉంది, గది కొలతలే మారిపోయాయి. డైనమిక్ పద్ధతిలో అసలు ఖర్చు ఇదే, వేగం కాదు.

స్టాటిక్ పద్ధతి ఖర్చు మరోచోట బయటపడుతుంది. 2014 ఏప్రిల్‌లో ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ అనే ఎన్‌క్రిప్షన్ లైబ్రరీలో హార్ట్‌బ్లీడ్ లోపం బయటపడింది. ఆ లైబ్రరీని విడిగా వాడుతున్నవారు ప్యాకేజీ మార్చి సర్వర్‌ను రీస్టార్ట్ చేస్తే కొత్త కోడ్ అమల్లోకి వచ్చింది. బైనరీలో కలిపేసుకున్నవారు మాత్రం మళ్లీ కంపైల్ చేయాల్సి వచ్చింది. ఎప్పుడో కట్టిన ఆప్షన్లు ఏవో రాసిపెట్టుకోకపోతే ఆ పని సగం వెతుకులాటే. మాడ్యూల్ విడిగా ఉన్నంత మాత్రాన దాని కింది లైబ్రరీ కూడా విడిగా ఉందనుకోకూడదు, ఆ రెండూ వేర్వేరు నిర్ణయాలు.

ఈ తేడాలు జిల్లాల్లో నేర్చుకునేవారికీ పనికొస్తాయి. కరీంనగర్ ఐటీ టవర్ 2020 ఫిబ్రవరిలో మొదలైంది. బాసర ట్రిపుల్ ఐటీ 2008 నుంచి పిల్లలకు చదువు చెబుతోంది. ఇలాంటి చోట్ల నేర్చుకునేవారు సోర్స్ నుంచి కట్టి చూడటం ఎంతో మేలు. కాన్ఫిగర్ చేసి, మాడ్యూల్ పేరు తీసి, ఎర్రర్ చదివితే లోపలి పని అర్థమవుతుంది. కానీ నేర్చుకోవడానికి కట్టినది వేరు, రోజూ నడపాల్సింది వేరు. ఆదిలాబాద్‌లో పత్తి సీజన్‌లో ధరలు చూపించే చిన్న సైటుకు కట్టినవాడు ఏడాదికి హైదరాబాద్ వెళ్లిపోవచ్చు. తర్వాత వచ్చినవాడికి మిగిలేది సర్వర్, దాని కాన్ఫిగరేషన్ ఫైలు. డైనమిక్‌గా ఉంటే వాడికి ప్యాకేజీ మేనేజర్ సాయం చేస్తుంది. స్టాటిక్ అయితే పాత బిల్డ్ ఆదేశం దొరికితేనే పని.

స్టాటిక్‌కు సరిపడే చోట్లూ ఉన్నాయి. ఒకే పని చేసే మెషీన్, మారని మాడ్యూళ్లు, ప్రతి మార్పుకూ కొత్త ఇమేజ్ కట్టే కంటైనర్: వీటిలో మాడ్-సోనే తీసేయొచ్చు. అప్పుడు కాన్ఫిగరేషన్ ఫైలు చేజిక్కించుకున్న దొంగ కూడా తన మాడ్యూల్‌ను లోపలికి లాగలేడు. చిన్న టీమ్‌లలో అంత క్రమశిక్షణ అరుదు, బిల్డ్ స్క్రిప్టును సోర్స్ కంట్రోల్‌లో పెట్టనివారు దాని జోలికి పోకపోవడమే నయం.

జిల్లా కేంద్రంలో చిన్న సర్వర్ నడిపేవారు డిస్ట్రిబ్యూషన్ ప్యాకేజీ వాడి, డైనమిక్ మాడ్యూళ్లతోనే సాగాలి. అవసరం లేనివాటిని ఆపేయాలి. అపాచీలో ఆటోఇండెక్స్, స్టేటస్ లాంటి మాడ్యూళ్లు చాలాసార్లు ఎవరూ అడగకుండానే లోడ్ అయి ఉంటాయి, ముందు వాటిని చూసుకోండి.