నవ్వు ఎవరి మీద? – నెడ్ వార్డ్ 'లండన్ స్పై'

వ్యంగ్యం దానంతటదే అభ్యుదయకరమైందనే అభిప్రాయం మన విమర్శలో బలంగా పాతుకుపోయింది. సంఘాన్ని వెక్కిరించిన రచయిత సంఘం మారాలని కోరుతున్నాడని మనం సులువుగా నమ్మేస్తాం. అతను వీధినీ, సారాకొట్టునీ, జైలునీ కూడా సాహిత్యంలోకి తెచ్చినవాడైతే ఇక ప్రశ్నే వేయం. ఈ నమ్మకాన్ని ఒకసారి పరీక్షకు పెట్టాలని నా ఉద్దేశం. అందుకోసం 17వ శతాబ్దం చివర లండన్ నగరపు రోజువారీ బతుకు మీద వచ్చిన ఒక అధిక్షేప రచనను తీసుకుంటున్నాను. అది నెడ్ వార్డ్ రాసిన 'లండన్ స్పై'.

ఈ పుస్తకానికీ మనకీ దూరపు చుట్టరికం ఒకటుంది. పానుగంటి 'సాక్షి' వ్యాసాలకు ఒరవడి అడిసన్, స్టీల్‌ల 'స్పెక్టేటర్' (1711–12) అని తెలుగు ఎం.ఏ. చదివే ప్రతి విద్యార్థికీ తెలుసు. పాఠాలు అక్కడితో ఆగిపోతాయి. ఐతే ఊరంతా తిరిగి చూసి, చూసినదాన్ని అచ్చులో చెప్పే మనిషిని అడిసన్ శూన్యంలోంచి సృష్టించలేదు. అంతకు పుష్కరం ముందే వార్డ్ అలాంటి మనిషిని లండన్ వీధుల్లో తిప్పాడు. 'స్పెక్టేటర్' మర్యాదస్థుల క్లబ్బులో కూర్చుని లోకాన్ని చూస్తాడు. వార్డ్ గూఢచారి బురదలో నడుస్తూ చూస్తాడు. మనకు వారసత్వంగా వచ్చింది మొదటి చూపు. రెండోదాన్ని సాహిత్య చరిత్రలు ఒకటి రెండు వాక్యాల్లో దాటేస్తాయి.

వార్డ్ (1667–1731) కలం అమ్ముకుని బతికినవాడు. 1698లో అచ్చయిన జమైకా యాత్ర అనే చిన్న పుస్తకం అతనికి పేరు తెచ్చింది. అదే ఏడాది నవంబరు నుంచి 'లండన్ స్పై' నెలకొక భాగం చొప్పున 18 భాగాలుగా 1700 దాకా వెలువడింది. ఈ పద్ధతి వెనక ఉన్న భౌతిక పరిస్థితుల్ని గమనించాలి. 1695లో ముద్రణ లైసెన్సు చట్టం గడువు తీరిపోయింది. పార్లమెంటు దాన్ని మళ్ళీ పొడిగించలేదు. అచ్చుకు ముందు అనుమతి తీసుకోవాల్సిన పని పోయింది. అంతకు ముందు ఏడాదే బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ పుట్టింది. 1688 మార్పు తర్వాత వర్తక పెట్టుబడి భూస్వాములతో పొత్తు కలుపుకుని అధికారంలో స్థిరపడుతోంది. సుమారు 5 లక్షల జనం ఉన్న ఆ నగరంలో కాఫీ హౌసులో కూర్చుని చదివే పాఠకుడు తయారయ్యాడు. రాజాశ్రయం పొందే అవకాశం లేని రచయితకు ఆ పాఠకుడి జేబులోని చిల్లరే ఆధారమైంది.

పుస్తకం కట్టుబాటు చాలా తేలిక. పల్లెటూళ్ళో పుస్తకాల మధ్య ఏళ్ళు గడిపిన ఒకడు విసుగెత్తి లండన్ వస్తాడు. పాత స్నేహితుడొకడు కలిసి అతన్ని ఊరంతా తిప్పుతాడు. కథ లేదు, ఉన్నది తిరుగుడే. బిల్లింగ్స్‌గేట్‌లో చేపలమ్మే ఆడవాళ్ళ తిట్లు, బార్తలోమ్యూ తిరునాళ్ళ గోల, దొంగలూ కావలివాళ్ళూ తాగుబోతులూ తిరిగే రాత్రివీధులు, ఇవన్నీ వాసనతో సహా అచ్చులోకి వచ్చాయి. అతని భాష కూడా అక్కడిదే. జనం నోట్లోని మాటను సంస్కరించకుండా వాడాడు. ఒక పోలిక చాలినచోట నాలుగు గుమ్మరిస్తాడు. కొన్ని పేజీలు అందువల్లే విసిగిస్తాయి. వ్యావహారికం కోసం కొట్లాడిన మనం ఆ భాష విలువను తక్కువ చేయలేం.

రాయల్ ఎక్స్ఛేంజి ఘట్టాన్ని ప్రత్యేకంగా చెప్పుకోవాలి. దేశదేశాల వర్తకులు బేరాలాడుకునే ఆ భవనం కొత్త వ్యవస్థకు గర్భగుడి లాంటిది. కొన్నేళ్ళ తర్వాత అడిసన్ అదే స్థలాన్ని చూసి, వర్తకం మానవాళిని కలుపుతున్నదని పరవశించాడు. వార్డ్ పరవశించలేదు. వలస తోటలకు కూలివాళ్ళను వలేసి పట్టే జమైకా, బార్బడోస్ మనుషులు అతనికి కనిపించారు. వాళ్ళను జేబుదొంగలతో పోల్చాడు. ఒకే భవనంలో ఒకరికి నాగరికత కనిపించింది, మరొకరికి మనుషుల్ని కాజేసే వ్యాపారం కనిపించింది. ఈ ఒక్క ఘట్టాన్ని బట్టే తీర్పు చెప్పాల్సివస్తే వార్డ్‌ని మన కోవలో చేర్చుకోవచ్చు.

కాని అతని నవ్వు అక్కడితో ఆగదు. 1666 అగ్నిప్రమాదంలో కాలిపోయిన సెయింట్ పాల్స్ చర్చిని అప్పుడు తిరిగి కడుతున్నారు. అక్కడికెళ్ళిన గూఢచారి, ఇద్దరు చేయగల పనికి పదిమంది మూగారని పనివాళ్ళను ఎగతాళి చేస్తాడు. రాళ్ళు మోసే మనిషి కూలి ఎంతో, రోజుకు ఎన్ని గంటలు మోస్తున్నాడో అడగాలన్న ఊహే అతనికి రాదు. కూలివాళ్ళను కాజేసేవాడి మీదా, కూలివాడి మీదా ఒకే నవ్వు.

బెడ్లాం ఘట్టం ఇంకా బాధ పెడుతుంది. 1676లో మూర్‌ఫీల్డ్స్‌లో రాజభవనం లాంటి కొత్త కట్టడంలోకి మారిన ఆ పిచ్చాసుపత్రికి జనం వినోదం కోసం వెళ్ళేవాళ్ళు, గుమ్మం దగ్గర చిల్లర వేసి లోపలి రోగుల్ని చూసి వచ్చేవాళ్ళు. పిచ్చివాళ్ళ కోసం ఇంత ఖర్చుతో మేడ కట్టినవాళ్ళదే అసలు పిచ్చి అని వార్డ్ చెణుకు. ఆడామగా కలుసుకునే సంకేతస్థలంగా ఆ ఆసుపత్రిని వాడుకునే సందర్శకుల మీద కూడా చురక వేశాడు. అక్కడిదాకా సబబే. కాని తర్వాత తనూ ఆ వరసలో నిలబడి, రోగుల మాటల్ని హాస్య సంభాషణలుగా మార్చి పాఠకుడికి అమ్మాడు. గుమ్మం దగ్గర చిల్లర పుచ్చుకున్నవాడికీ రచయితకీ ఇక్కడ తేడా ఏమిటి?

బ్రైడ్‌వెల్ దగ్గర మాత్రం ఒక మార్పు వస్తుంది. పని లేక తిరిగేవాళ్ళనీ, వేశ్యలనీ పట్టి తెచ్చి, జనపనార దంచించి, కొరడాతో 'దిద్దే' జైలు అది. అక్కడ పెద్దమనుషులు కొలువుతీరి ఉండగా, చూడవచ్చినవాళ్ళ ఎదుట, ఒక ఆడమనిషి ఒంటిమీద బట్ట తొలగించి కొరడాతో కొడతారు. చూస్తున్న గూఢచారి వెకిలితనం ఒక్కసారిగా అణిగిపోతుంది. వాదనలోకి దిగుతాడు. ఈ శిక్ష సిగ్గుమాలినదనీ, దీనివల్ల ఎవరూ మంచివాళ్ళు కారనీ, ఇది నేరాన్ని దిద్దడానికి కాక చూసేవాళ్ళ కళ్ళకు విందుగా ఏర్పాటైనట్టుందనీ అంటాడు. నా దృష్టిలో ఈ మొత్తం పుస్తకంలో అత్యున్నత స్థాయి ఇదే. చట్టం, నీతి, సంస్కరణ అనే మాటల చాటున పాలకవర్గం అనుభవిస్తున్న సుఖాన్ని అతను ఇక్కడ పట్టుకున్నాడు.

వార్డ్ రాజకీయంగా టోరీ, సనాతన చర్చి పక్షపాతి కదా, అతని దగ్గర అభ్యుదయం ఏమిటని కొందరు మిత్రులు అడగవచ్చు. బాల్జాక్ తన రాజకీయ సానుభూతులకు విరుద్ధంగా నిజాన్ని చిత్రించాడని ఎంగెల్స్ 1888లో రాసిన ఉత్తరం మనందరం చదివిందే. ఆ సూత్రాన్ని వార్డ్‌కి టోకున వర్తింపజేయడం సరికాదు. బాల్జాక్ మనుషుల మధ్య సంబంధాల్ని చూపాడు. వార్డ్ చూపింది మనుషుల గుంపుల్ని. ఒక్కొక్కరూ నవ్వు పుట్టించి పక్కకు తప్పుకుంటారు. కొరడా ఎవరిదో అడిగినవాడు, ఆ స్త్రీని అక్కడికి తెచ్చిన ఆకలి ఎవరు సృష్టించిందో అడగలేదు. జమైకా యాత్రలో తెల్ల వలసదారుల్ని చెండాడినవాడికి అక్కడి చెరకు తోటల బానిసల బాధ రచనా వస్తువు కాలేదు. అతని చూపు చురుకైందే, కాని దాన్ని నడిపించే దృక్పథం లేదు.

ఆ మాట చెప్పినంత మాత్రాన అలెగ్జాండర్ పోప్ పక్షం చేరనక్కర్లేదు. పోప్ 'డన్సియడ్' (1728)లో వార్డ్‌ని చవకబారు రచయితల్లో కలిపి హేళన చేశాడు. మరుసటి ఏటి ముద్రణలోని వివరణల్లో అతని సారావ్యాపారాన్ని కూడా ఎత్తిపొడిచాడు. రాత బాగోలేదని అనడం విమర్శ. రాసేవాడు సారా అమ్ముతాడని అనడం వర్గాహంకారం. వార్డ్ లోపం అతను కింది మనుషుల గురించి రాయడంలో లేదు. వాళ్ళను పైవాళ్ళ వినోదానికి సరుకుగా మార్చడంలో ఉంది.

చివరికి రాజ్యం అతన్నీ సరుకు చేసింది. ప్రభుత్వాన్ని అధిక్షేపించినందుకు 1706లో అతన్ని రాయల్ ఎక్స్ఛేంజి దగ్గరా, చేరింగ్ క్రాస్ దగ్గరా మెడా చేతులూ కొయ్యలో బిగించి జనం ముందు నిలబెట్టారు. పాలకుల్ని తాకనంతవరకు అతని నవ్వును ఎవరూ శిక్షించలేదు. బెడ్లాం రోగుల్ని నవ్వినందుకు ఏ కోర్టూ అతన్ని పిలవలేదు.

ఇవాళ మన యువ రచయితలు బస్టాండునీ, సంతనీ, ఆసుపత్రి వరండానీ వ్యంగ్య కథల్లోకి తెస్తున్నారు. తేవలసిందే. వార్డ్ దగ్గర వాళ్ళు నేర్చుకోవలసింది చాలా ఉంది: కాళ్ళరిగేలా తిరగడం, వినడం, విన్న మాటకు ఇస్త్రీ చేయకపోవడం. దాంతోపాటు, రాసిన ప్రతి హాస్య ఘట్టంలోనూ నవ్వుకు ఖర్చు ఎవరు భరిస్తున్నారో లెక్క చూసుకోవాలి. ఆ ఖర్చు ఎప్పుడూ కూలివాడి మీదా, ఆడదాని మీదా, రోగి మీదా పడుతుంటే ఆ రచన ఏ సంఘం పత్రికలో అచ్చయినా అభ్యుదయ రచన కాదు.