పేరు గొప్పదే, మరి ఊరు?

బారసాల నాడు పళ్ళెంలో బియ్యం పోసి పేరు రాయడానికి తిథీ నక్షత్రం చూస్తాం. వ్యాపారానికి మాత్రం తోచిన పేరు పెట్టేస్తాం. మొన్న టెక్కలి వెళ్ళినప్పుడు మా అక్క కూతురు కాగితం మీద మూడు పేర్లు రాసి నా ముందు పెట్టింది. జీడిపప్పు పొట్లాలు కట్టి ఇంటర్నెట్‌లో అమ్ముతుందట.

"నవలలకి పేర్లు పెడతావు కదా పిన్నీ, ఏది బాగుందో చెప్పు" అంది.

ఇంటర్నెట్‌లో చిరునామా, అదే డొమైన్ పేరు, సొంతిల్లు లాంటిది కాదు. గడువు తీరకుండా అద్దె కడుతూ నిలుపుకోవాలి. ముందు అడిగినవాళ్ళకే దక్కుతుంది. జనం నోట పడ్డాక మార్చడం కష్టం. కనుక కళ్ళజోడు పెట్టుకుని విమర్శకి కూర్చున్నాను.

మొదటిది 'పలాస జీడిపప్పు'. వినగానే సరుకు కళ్ళకి కడుతుంది. కానీ పలాస, కాశీబుగ్గల్లో పప్పు అమ్మేవాళ్ళంతా అనేది అదే మాట. పైగా ఇంగ్లీషులో 'జీడి'ని ఒకరు రెండు 'ఇ'లతో రాస్తారు, ఒకరు ఒక్క 'ఐ'తో సరిపెడతారు. అక్షరం తేడా వస్తే మనింటికొచ్చే చుట్టం పక్కింటి తలుపు తడతాడు.

రెండోది 'క్యాషూ'కి ఇంగ్లీషు తోక తగిలించింది. అది ఏ ఊరిదైనా కావచ్చు. కొట్టేశాను.

మూడోది 'ఉద్దానం'. పలకడానికి హాయిగా ఉంది. ఉద్యానం నుంచే ఆ మాట వచ్చిందంటారు. కొబ్బరి, జీడి, పనస తోటల తీరానికి తగిన పేరు.

"అదే నాకూ ఇష్టం పిన్నీ. కానీ ఆ పేరు చెబితే జనానికి కిడ్నీ జబ్బే గుర్తొస్తాది. తినే సరుక్కి పెడితే కొంటారేటి?"

నాకు చప్పున జవాబు దొరకలేదు. 1994లో జెఫ్ బెజోస్ తన సంస్థకి మొదట 'కడాబ్రా' అని పెడితే, ఫోనులో అది శవం అనే ఇంగ్లీషు మాటలా వినబడిందట. తరవాత అమెజాన్ అని మార్చుకున్నాడు. అది చెవి చేసిన పొరపాటు. ఉద్దానంలో జబ్బు నిజం, డయాలసిస్‌కి వెళ్ళే మనుషులూ నిజం. 2018 అక్టోబరులో తిత్లీ తుపానుకి తోటలు కూలిందీ నిజమే. కానీ ఊళ్ళో పుట్టిన పిల్లలే ఊరి పేరు దాచేస్తే, ఆ పేరు చివరికి ఆసుపత్రి కాగితాల్లోనే మిగులుతుంది.

అయితే అదీ అందరి పేరే. అందుకని, "ఉద్దానాన్ని ఇంటిపేరు చేసుకో. పక్కన మీ అమ్మ పేరు చేర్చు" అన్నాను. మనలో ఊరి పేరే ఇంటిపేరైన వాళ్ళు ఎంతమంది లేరు! ఇంగ్లీషులో ఉద్దానాన్ని 'హెచ్'తో రాసేవాళ్ళూ ఉంటారు కనుక, ఆ చిరునామా కూడా తీసుకోమన్నాను. రెండు అద్దెలైనా ఫరవాలేదు.

జీడిపప్పులో 320 రకమంటే పౌనుకి 300 నుంచి 320 గుళ్ళు. పేర్లకి అలాంటి కొలత లేదు. పొట్లం విప్పాక పప్పు కరకరలాడితేనే పేరు నిలుస్తుంది.

ఆ రాత్రే రెండు చిరునామాలూ తీసుకుంది. పొట్లం మీద 'ఉద్దానం' పెద్దక్షరాల్లో వేయించమన్నాను. సరేనంది గాని, గొంతులో భయం పూర్తిగా పోలేదు. మీకెక్కడైనా ఆ పొట్లం కనబడితే, పేరు చూసి పక్కన పెట్టకండేం!