క్రొత్తదనమును చెప్పు మాటలు

నేటి విమర్శలో ‘ఆధునికము’ అను మాటకున్న గిరాకి వేఱొకదానికి లేదు. ఒక గ్రంథమును మెచ్చవలెనన్న ఆధునికమనుట, నిరసింపవలెనన్న పాతదనుట పరిపాటియైనది. ఈ పదము కాలమును చెప్పునే కాని గుణమును చెప్పదు. ఈ భేదమును మఱచుటచే సాహిత్యమునకేకాక మన యింటి భాషకును కీడు కలుగుచున్నది.

సంస్కృతమున ‘అధునా’ యనగా ఇప్పుడు. ఆధునికము, అధునాతనము అను రెండును దానినుండి పుట్టినవే. రెండింటి అర్థమును ‘ఇప్పటిది’ అనియే. తెలుగువారు మాత్రము వానిని వేఱుచేసికొన్నారు. ఆధునిక కవిత్వమనగా ఒక యుగము; అధునాతన యంత్రమనగా నిన్నటిదానిని మించినది. అదియు చాలక ఆసుపత్రికిని ఫోనుకును ‘అత్యాధునికము’ అని తగిలించుచున్నారు. ఇప్పటిదానికంటె మిక్కిలి ఇప్పటిది ఎట్లుండునో చెప్పగలవారెవరు?

‘అభినవ’ శబ్దపు త్రోవ వేఱు. దశకుమారచరిత్రమును తెనిగించిన కేతనకు 13వ శతాబ్దమున ‘అభినవదండి’ యను బిరుదు కలిగినది. కన్నడమున నాగచంద్రుడు ‘అభినవపంపుడు’. ఇచట క్రొత్తవానిని కొలుచుటకు ప్రాతవాడే కొలబద్ద. తాత పేరు మనుమనికి పెట్టినట్లున్నది.

‘నవ్య’ శబ్దము పొరుగుభాషలతో బ్రతుకు మనకు మఱింత చిక్కు తెచ్చినది. 1930ల దశకమున నవ్యసాహిత్య పరిషత్తు ఏర్పడిన నాడు తెలుగున ఆ మాట భావకవిత్వపు గాలిలో మెలగినది. కన్నడమున అట్టి కవిత్వము ‘నవోదయము’. దానిని కాదని 1950ల దశకమున గోపాలకృష్ణ అడిగ మొదలగువారు నడపినది ‘నవ్యము’. మాట ఒక్కటియే, దారులు ఎదురెదురు. బెంగళూరులో చదువుకొన్న మన బిడ్డ తెలుగు నవ్యకవిత్వమును అడిగ కవిత్వమువంటిదని తలచినచో తప్పు వానిది కాదు, వివరింపని విమర్శకునిది. తమిళులు దేశ్యమైన ‘పుదు’ శబ్దముతో ‘పుదుక్కవిదై’ యని తమ క్రొత్త కవితకు పేరు పెట్టుకొన్నారు. మన ‘క్రొత్త’కు అట్టి గౌరవము దక్కలేదు.

ఇక రాబోవు కాలపు మాట. 1909లో ఇటలీ కవి మారినెట్టి ప్రకటించిన ఫ్యూచరిజమును ‘భవిష్యవాదము’ అనవచ్చును. కాని భవిష్యమనగానే మనకు జాతకమే తలపునకు వచ్చును. తెలుగునకు ఇంతకంటె మేలైన సంపద కలదు. ‘రాబోవు’లో పోవుట, అనగా నడక యున్నది. ‘రాగల’లో కలిమి యున్నది: రాగలవాడన్న, వచ్చువాడనియు, వచ్చు శక్తి కలవాడనియు అర్థము. భవిష్యత్తును శక్తితో ముడివేసిన భాషను పాతదని ఎట్లందుము?

తరతరములుగా పరసీమల నున్న మన యిండ్లలో పెద్దలు పలుకు తెలుగును చుట్టములు ‘పాతకాలపు తెలుగు’ అని నవ్వుదురు. పిల్లలు సిగ్గుపడి పొరుగుభాషలోనికి తప్పుకొందురు. ఇచటను తప్పు కొలతయే కొలుచుచున్నాము. ఆధునికమనగా ఇప్పటిది. అవ్వ పలికిన మాట నేడు మనుమరాలి నోట పలుకుచున్నచో, శబ్దార్థమునుబట్టి అదియే ఆధునికము. ఎవరి నోటను పలుకనిది నిన్ననే పుట్టినను పాతదే. కావున ఒక మాట వయస్సును కాక, నేడు అది చేయుచున్న పనిని చూచి విలువ కట్టుట విమర్శకునకును, ఇంటి పెద్దకును సమానధర్మము.